గడము అనే మాట కథ

వేటపాలెం మండలం రామాపురం ఒడ్డున నిలబడితే కనుచూపు మేరలో ఒక్క దీవీ ఉండదు. తిమింగలాల చదువంటే దీవులే గుర్తొస్తాయి. అయినా తిమింగలాలు, డాల్ఫిన్ల వంటి సముద్రపు పాలిచ్చే జంతువుల శాస్త్రంలో తెలుగు తీరానికి పాత ఖాతా ఉంది. అది విశాఖలో తెరుచుకుంది.

గుంటూరు సీమలో వాల్టర్ ఇలియట్ అంటే 1845లో అమరావతి శిల్పాలు తవ్వించి మద్రాసుకు తరలించిన దొర. ఉత్తర సర్కారుల కమిషనరుగా వాల్తేరులో ఉన్నప్పుడు ఆయన జాలర్ల వలల్లో పడ్డ డాల్ఫిన్లనూ వదల్లేదు. బొమ్మలు వేయించాడు, పుర్రెలు లండన్ పంపాడు. వాటిని ముందుపెట్టుకుని అక్కడి జంతుశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1866లో వ్యాసం అచ్చువేశాడు.

అందులో ఒకటి 1852లో విశాఖ రేవులో దొరికిన మొండిమూతి డాల్ఫిన్. లోకం దాన్ని ఐరావతి నది పేరుతో పిలుస్తోంది గానీ శాస్త్రానికి దాని పుట్టిల్లు మనదే. మరొకటి మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం. బెదిరితే ఎర్రమట్టి రంగు ద్రవం చిమ్మి, నీళ్లు మసకచేసి జారుకుంటుంది. అది వేరే జాతేనని తేలడానికి మరో నూరేళ్లు పట్టింది, 1966 దాకా.

నాకు మరీ ముచ్చటైనది ఇంకో డాల్ఫిన్. ఓవెన్ దానికి పెట్టిన లాటిన్ పేరులో ‘గడము’ అన్నది విశాఖ జాలర్ల మాట. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ జాతిని వేరే పేరులో కలిపేశారు. మాట మాత్రం పాత పేర్ల పట్టికలో మిగిలింది. చదువుకున్నవాళ్లం ఏ పెద్ద జంతువునైనా తిమింగలమని సరిపెట్టుకుంటాం. వల లాగేవాడు దేనికి తగ్గ పేరు దానికి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత చాలాకాలం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరమే పాఠం. ఈదుతున్న తిమింగలాన్ని వెంబడించి చదవడానికి మన చుట్టుపట్ల దారి చూపినవి దీవులే. సీషెల్స్ పట్టుబట్టడంతో 1979లో హిందూ మహాసముద్రంలో తిమింగలాల వ్యాపార వేటకు నిషేధం పడింది. 1980ల మొదట్లో ‘తులిప్’ అనే తెరచాప పడవ శ్రీలంక చుట్టూ తిరుగుతూ, తోక అంచుల గాట్ల ఫొటోలతో ఒక్కో తిమింగలాన్ని విడిగా గుర్తించింది, నీళ్లలోకి మైకు దించి వాటి చప్పుళ్లు విన్నది. ట్రింకోమలీ దగ్గర ఒడ్డు దాటగానే సముద్రం లోయలా దిగిపోతుంది. మన నిజాంపట్నం అఖాతంలో కృష్ణానది మేటవేయడంతో చాలా దూరం లోతు తక్కువ. పెద్ద తిమింగలం ఇటు రావడం అరుదు.

2000ల తర్వాత ‘సాగర్ సంపద’ నౌక మీద మన పరిశోధకులు కూడా కనిపించినవాటిని లెక్క రాశారు. అప్పటికే 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చి ఉంది. మంచి చట్టమే. అయితే వలలో డాల్ఫిన్ చిక్కితే జాలరి కేసు భయంతో చడీచప్పుడు కాకుండా నీళ్లలోకి తోసేస్తాడు. ఎవరైనా అడిగితే దాని పేరు కూడా తెలియదంటాడు.