ఈస్టుల ఆనవాళ్ళు

ద్రాక్షరసాన్ని తొట్టిలో పోసి ఉంచితే కొద్దిరోజులలో దానంతట అదే నురగ కడుతూ పులుస్తుంది. ద్రాక్షతొక్కల మీద, తొట్టి గోడల మీద ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవులే ఇందుకు కారణం. పులియడం జీవుల పని అని ఫ్రాన్సు దేశీయుడు లూయీ పాస్చర్ నిరూపించాడు. ద్రాక్షసారాను గురించిన ఆయన గ్రంథం 1866లో వెలువడింది. అయితే తొట్టిలో పనిచేసినది ఏ ఈస్టు? ఈ చిన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు చెప్పడానికి మరొక వంద సంవత్సరాలకు పైగా పట్టింది.

1883లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ పరిశోధనాలయంలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్కొక్క ఈస్టు కణాన్ని విడదీసి, ఒకే కణం సంతతిని వేరుగా పెంచాడు. బీరు తొట్టిలో ఒకే రకం ఈస్టు ఉండదనీ, మంచి రకంతో పాటు అడవి ఈస్టులు చేరినప్పుడు బీరు పాడవుతుందనీ తేలింది. ఈ పద్ధతి త్వరలోనే ద్రాక్షసారా తయారుచేసే వారికి కూడా అందింది. కాని ఇక్కడ ఒక చిక్కున్నది. బీరుకు వాడే ధాన్యరసాన్ని ముందుగా మరిగిస్తారు. అందులో ఉన్న సూక్ష్మజీవులు చస్తాయి. ద్రాక్షరసాన్ని మరిగిస్తే పరిమళం పోతుంది. కనుక ఏరి తెచ్చి వేసిన ఈస్టు, తొక్కలతో వచ్చిన ఈస్టులతో పోటీపడవలసిందే. చివరకు ఎవరు గెలిచారో చెప్పాలంటే సూక్ష్మదర్శిని చాలదు. అందులో చూస్తే అన్నీ ఇంచుమించు ఒకే తీరు కోడిగుడ్డు ఆకారాలు. డబ్బు పోసి కొన్న ఈస్టు పనిచేసిందో, ఊరికే చచ్చిందో తెలియని స్థితి!

రూపం చెప్పలేనిదాన్ని పని చెప్పింది. రాఫినోజు అనే చక్కెర మూడు సామాన్య చక్కెరల కలయిక. చాలా ఈస్టులలో ఇన్వర్టేజు అనే ఎంజైము దానినుండి ఒక భాగాన్ని తెంచుతుంది. మిగిలిన జంటను, అనగా మెలిబయోజును, విడగొట్టాలంటే మరొక ఎంజైము, మెలిబయేజు, కావాలి. పైన తేలే బీరు ఈస్టులలో ఇది ఉండదు. హాన్సెన్ పెంచిన, అడుగున పేరుకునే ఈస్టులలో ఉన్నది. అందువల్ల మొదటివి రాఫినోజులో మూడోవంతు మాత్రమే పులియబెడతాయి, రెండోవి మొత్తాన్నీ పులియబెడతాయి. వెలువడే బొగ్గుపులుసు వాయువును కొలిస్తే చాలు. ఎంతో చక్కని పరీక్ష. కాని రెండూ మెలిబయేజు లేనివే అయితే ఇది మూగపోతుంది. ద్రాక్షసారా ఈస్టులలో చాలావరకు పరిస్థితి అదే.

ఎంజైము ఉన్నదా, లేదా అని కాక, ఒకే ఎంజైము రెండు ఈస్టులలో ఒకే తీరుగా ఉన్నదా అని అడిగే ఉపాయం గంజి నుండి వచ్చిందంటే ఆశ్చర్యం కలగవచ్చు. 1950ల తొలి భాగంలో కెనడాలోని టొరాంటోలో ఆలివర్ స్మిథీస్ మాంసకృత్తులను విద్యుత్తుతో వేరుచేయడానికి ప్రయత్నిస్తున్నాడు. చిన్నతనంలో తల్లి చొక్కాలకు గంజి పెట్టడం, ఆ గంజి చల్లారి ముద్దగా గడ్డకట్టడం ఆయనకు గుర్తుకు వచ్చినవి. బంగాళాదుంప పిండితో అటువంటి ముద్ద పోసి, దానిగుండా విద్యుత్తు పంపి చూశాడు. మాంసకృత్తులు తమ విద్యుదావేశాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి వేర్వేరు వేగాలతో కదిలి, విడివిడి పట్టీలుగా నిలిచాయి. ఈ పద్ధతి 1955లో ప్రకటింపబడింది.

1957లో అమెరికాలో హంటర్, మార్కెర్ట్ అనే శాస్త్రజ్ఞులు ఈ ముద్దలో ఎంజైములు ఉన్న చోటనే రంగు పుట్టించే ఏర్పాటు చేశారు. ఎంజైము దేనిమీద పనిచేస్తుందో ఆ పదార్థాన్ని, ఒక రంగుద్రవ్యంతో కలిపి పోస్తారు. ఎంజైము పనిచేసిన చోట మాత్రమే గీత కనబడుతుంది. ఎంజైములోని ఒక్క అమైనో ఆమ్లం మారి ఆవేశం మారితే, ఆ గీత కొంచెం ముందుకో వెనుకకో జరుగుతుంది. 1970, 80 దశకాలలో ఈ పద్ధతిని ఈస్టుల మీద విరివిగా ప్రయోగించారు. 1999లో పోర్చుగల్ శాస్త్రజ్ఞులు దగ్గర చుట్టాలైన నాలుగు ఈస్టు జాతులను ఎంజైము గీతలతోనే విడదీయగలమని చూపారు.

అయినా ఇది గుడ్డిగా నమ్మదగిన సాక్ష్యం కాదు. ఆల్కహాలును తయారుచేసే ఎంజైము ఒకటి, దానిని తిరిగి వాడుకునేటప్పుడు పనిచేసే ఎంజైము మరొకటి. గ్లూకోజు సమృద్ధిగా ఉన్నంతకాలం ఈ రెండవదాన్ని ఈస్టు తయారుచేయదు. కనుక ఒకే ఈస్టును సోమవారం తీసి చూస్తే ఒక గీత, శనివారం తీసి చూస్తే మరొక గీత! పోల్చవలసిన ఈస్టులన్నింటినీ ఒకే ఆహారం మీద, ఒకే వయస్సు వరకు పెంచి తీరాలి. పైగా ఆవేశాన్ని మార్చని మార్పులు చాలావరకు ముద్దలో కనబడవు. ఈ లోటును కొంతవరకు డి.ఎన్.ఏ. పరీక్షలు తీర్చాయి. 1984 నుండి ఈస్టు క్రోమోసోములనే జెల్‌లో వేరుచేసి చూడటం సాధ్యమయినది. ఇప్పుడు ద్రాక్షసారా ఈస్టుల రకాలను విడదీయడానికి ఎక్కువగా వాడేది డి.ఎన్.ఏ. పద్ధతులనే.

హాన్సెన్ పెంచిన అడుగు ఈస్టు విషయం కూడా డి.ఎన్.ఏ. వల్లనే తేలింది. అది ఒక జాతి కాదు, రెండు జాతుల సంకరం. ఒక తల్లి మామూలు సారా ఈస్టు. రెండవదాన్ని 2011లో అర్జెంటీనాలోని పటగోనియా అడవులలో, చెట్ల కొమ్మల మీద కనుగొన్నారు.