శానిటోరియం నుంచి ఇంటి గడప దాకా: క్షయ వైద్యంలో రోగి మాట



చెన్నై బీచ్ స్టేషనులో లోకల్ రైలెక్కి తాంబరం వెళ్ళేవారికి, తాంబరానికి ఒక స్టేషను ముందు వచ్చే పేరు బాగా తెలుసు. అది తాంబరం శానిటోరియం. రోజూ అక్కడ ఎందరో ఎక్కుతారు, దిగుతారు. ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగేవారు తక్కువ. 1928లో డాక్టర్ చౌరీ ముత్తు అనే వైద్యుడు క్షయ రోగుల కోసం అక్కడ ఒక ఆరోగ్యశాల నెలకొల్పారు. 1937లో అది ప్రభుత్వం చేతికి వచ్చింది. ఊరు పెరిగి ఆసుపత్రిని చుట్టేసింది కానీ పేరు మాత్రం అలాగే నిలిచింది.

మనవాళ్ళకు అంతకంటే బాగా తెలిసిన చోటు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. 1915 నుంచి అక్కడ క్షయ రోగులను చూస్తున్నారు. కర్ణాటక సరిహద్దుకు దగ్గర కావడంతో అటు చిత్తూరు జిల్లావారికీ, ఇటు కోలారు వైపు తెలుగువారికీ అది అందుబాటులో ఉండేది. ఆ రోజుల్లో ఒక ఇంట్లో మనిషిని శానిటోరియంలో చేర్చారంటే ఆ ఇంటి సంగతి ఊరంతా గుసగుసలుగా చెప్పుకునేవారు.

శానిటోరియంలో వైద్యం అంటే ఏమిటి? మందులు లేని కాలం అది. మంచి గాలి, పాలు, గుడ్లు, పడక మీద విశ్రాంతి, ఇవే వైద్యం. రోగి ఎప్పుడు లేవాలి, ఎప్పుడు పడుకోవాలి, ఎంత దూరం నడవాలి అన్నీ డాక్టరుగారే నిర్ణయించేవారు. నెలలు గడిచేవి, కొందరికి ఏళ్ళు గడిచేవి. రోగి చేయవలసిన పని ఒక్కటే, చెప్పినట్టు వినడం. ఇంట్లో పిల్లలున్నారనో, మగ్గం ఆగిపోయిందనో, పొలం బీడు పడిందనో చెప్పుకుంటే వినేవారు ఉండవచ్చు గాని, ఆ కారణంగా వైద్యం తీరు మారేది కాదు. పైగా దేశంలో రోగులు లక్షల్లో ఉంటే మంచాలు వేలల్లో ఉండేవి. మంచం దొరకని వాడికి వైద్యమే లేదు.

ఈ పరిస్థితి ఎలా మారింది, మారిన తరువాత రోగికి ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్నదే ఈనాటి మన ప్రసంగం.

1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. దాని వెనుకే పాస్ అనే మందు వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. ఇది చౌకగా దొరికే మాత్ర. సూది అక్కర్లేదు, నోటితో మింగవచ్చు. అప్పుడొక ప్రశ్న పుట్టింది. మాత్ర మింగడానికి మనిషి ఆసుపత్రిలోనే పడి ఉండాలా? ఇంట్లో ఉండి మింగితే పనిచేయదా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన ఊరు మద్రాసు. 1956లో భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి, నలుగురూ కలిసి చేట్‌పట్‌లో క్షయ ఔషధ చికిత్సా కేంద్రాన్ని ప్రారంభించారు. నేడు దానిని జాతీయ క్షయ పరిశోధనా సంస్థ అంటున్నారు. అప్పట్లో ఆ పనికి పెద్దగా ఉన్నది డాక్టర్ వాలెస్ ఫాక్స్.

నగరంలోని పేద కుటుంబాల నుంచి వచ్చిన 193 మంది రోగులను తీసుకున్నారు. వారిలో కొందరిని శానిటోరియంలో ఉంచారు. మిగతావారిని ఇంటికే పంపి మందులిచ్చారు. ఎవరు ఎక్కడ అన్నది డాక్టర్ల ఇష్టం మీద కాక, చీటీలు వేసి తీసినట్టుగా తేల్చారు. మందులు రెండు జట్లకూ ఒకటే, ఐసోనియాజిడ్, పాస్. గడువు ఒక సంవత్సరం.

శానిటోరియంలో ఉన్నవారికి మంచి తిండి, పూర్తి విశ్రాంతి. ఇంట్లో ఉన్నవారికి ఒకే గదిలో నలుగురైదుగురితో కాపురం, తిండి అంతంతమాత్రం, చాలామందికి పని తప్పదు. ఫలితం ఎలా ఉంటుందని అనుకుంటాం? 1959లో లెక్కలు బయటకు వచ్చాయి. సంవత్సరం చివర శానిటోరియం జట్టులో నూటికి 92 మందికి రోగం అణిగింది. ఇంటి జట్టులో నూటికి 86 మందికి అణిగింది. తేడా చాలా కొద్దిది. ఇంకొక పెద్ద భయం ఉండేది. ఇంట్లో ఉంచితే భార్యాబిడ్డలకు అంటుకుంటుందేమో అని. ఐదేళ్ళు ఆ కుటుంబాలను గమనించారు. ఇంట్లో మందు తీసుకున్నవారి కుటుంబాలకు అదనంగా వచ్చిన ముప్పు ఏమీ కనిపించలేదు. మందు మొదలు పెట్టకముందు అంటుకున్నదే ఎక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తిండి అక్కర్లేదని దీని అర్థం కాదు. 2023లో ప్రకటించిన జార్ఖండ్ పరిశోధనలో, రోగి కుటుంబానికి మంచి తిండి అందిస్తే ఆ ఇంట్లో కొత్తగా క్షయ రావడం బాగా తగ్గిందని తేలింది. మద్రాసు చెప్పింది వేరు. మందు సరిగ్గా తీసుకుంటే పేదవాడి గుడిసెలో కూడా క్షయ నయమవుతుందని అది నిరూపించింది. ఆ తరువాత ప్రపంచంలో ఎన్నో శానిటోరియాలు తలుపులు మూసుకున్నాయి.

ఆ విధంగా మందు రోగి చేతికి వచ్చింది. మరి నమ్మకం వచ్చిందా?

పూర్తిగా రాలేదు. మద్రాసు కేంద్రం ఇంటి జట్టు రోగుల దగ్గరకు చెప్పకుండా మనుషులను పంపేది. వారు వెళ్ళి మిగిలిన మందు లెక్కపెట్టేవారు. మూత్రం తీసుకువెళ్ళి మందు నిజంగా మింగారా లేదా అని పరీక్షించేవారు. శాస్త్రం కోసం అది అవసరమే. మందు తీసుకోనివాడిని తీసుకున్నవాడిగా లెక్కవేస్తే మొత్తం పరిశోధనే తప్పవుతుంది. కాని అందులో ఒక చూపు కూడా ఉంది. రోగిని మరచిపోయేవాడిగా, మాట తప్పేవాడిగా చూసే చూపు అది. ప్రయోగంలో పాల్గొనేవారి సమ్మతి తప్పనిసరి అంటూ ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చేసింది 1964లో. మద్రాసు పని అంతకు ముందే పూర్తయింది.

ఇప్పుడు మద్రాసు నుంచి బెంగళూరుకు వెళదాం. 1959లో అక్కడ జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. అందులో పనిచేసిన దేవబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు తుముకూరు జిల్లాలో ఒక సర్వే చేశారు. అప్పట్లో పెద్దవాళ్ళందరూ అనుకునేది ఏమిటంటే, పల్లెటూరి మనిషికి తన జబ్బు సంగతి తెలియదు, మనమే వెళ్ళి వెతికి పట్టుకోవాలి అని. వీరిద్దరూ వైద్యుల అభిప్రాయం పక్కన పెట్టి రోగులనే అడిగారు.

1963లో ప్రచురించిన ఆ ఫలితాలు వినండి. తెమడలో క్రిములున్న రోగుల్లో నూటికి 95 మందికి తమకు ఏదో ఒక లక్షణం ఉన్నట్టు తెలుసు. 72 మంది దాని గురించి దిగులు పడుతున్నారు. 52 మంది అప్పటికే వైద్యం కోసం ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి వచ్చారు. వెళ్ళినవారిలో చాలామందికి దక్కింది ఒక దగ్గు మందు సీసా. తెమడ పరీక్ష చేసినవారు లేరు.

ఆలోచించండి. రోగికి తెలుసు. రోగి నడిచి వచ్చాడు. వినవలసినవారు వినలేదు. ఈ ఒక్క సర్వే మన దేశపు క్షయ కార్యక్రమం రూపాన్నే మార్చింది. వచ్చినవాడి దగ్గును పట్టించుకోండి, తెమడ పరీక్ష దగ్గరి ఆసుపత్రిలోనే చేయండి, మందు అక్కడే ఇవ్వండి అన్న పద్ధతి 1961లో మన తెలుగునేల మీద, అనంతపురం జిల్లాలో మొదటిసారి అమలుకు వచ్చింది. 1962లో దేశానికంతటికీ జాతీయ కార్యక్రమం అయింది.

పద్ధతి మంచిదే. అయితే ఆచరణలో ఒక పాత జబ్బు తిరగబెట్టింది. మందు మొదలుపెట్టిన నెలా రెండు నెలల్లో దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది. బాగైపోయిందనుకుని మనిషి పనిలోకి పోతాడు, మందు మానేస్తాడు. లోపల క్రిమి చావలేదు, కొన్నాళ్ళకు మళ్ళీ లేస్తుంది, ఈసారి మందుకు లొంగకపోవచ్చు. ఈ సంగతి అతనికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మాత్రలు చేతిలో పోసి, వచ్చే నెల రమ్మన్నారు. రాకపోతే రిజిస్టరులో అతని పేరు ఎదుట డిఫాల్టర్ అని రాశారు. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడికి వాడే మాట అది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను తన లెక్కల్లోంచి తీసివేసింది. మాట తీసివేయడానికే అన్నేళ్ళు పట్టింది.

మానేసేవారి సమస్యకు దొరికిన మందు డాట్స్ పద్ధతి. మన దేశంలో 1997లో మొదలై, 2006 నాటికి అన్ని జిల్లాలకూ వచ్చింది. ఆరోగ్య కార్యకర్త ఎదుట రోగి మాత్ర మింగాలి. దీనికి మూలం కూడా మద్రాసే. 1960లలో అక్కడే వారానికి రెండుసార్లు దగ్గరుండి మందు ఇచ్చే పద్ధతిని పరీక్షించి చూశారు. డాట్స్ వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఒక్కో రోగి పేరున పూర్తి కోర్సు మందుల పెట్టె విడిగా పెట్టడం వల్ల మధ్యలో మందు అయిపోయిందనే బాధ తగ్గింది. ఇది చిన్న మేలు కాదు. కాని కూలికి పోయే మనిషి మాత్ర కోసం ఉదయం కేంద్రం దగ్గర నిలబడితే ఆ పూట కూలి పోతుంది. ఇరుగుపొరుగు చూస్తారేమోనని ఆడపిల్లలు వెనుకాడతారు. ఏ వేళ వీలు, ఎవరి చేతుల మీదుగా వీలు అని రోగినే ముందు అడిగిన చోట ఈ చిక్కులు సగం తీరాయి.

1978లో ఆల్మా ఆటాలో దేశాలన్నీ కలిసి చేసిన ప్రకటనలో, తమ ఆరోగ్య సంరక్షణను తీర్చిదిద్దుకోవడంలో పాలుపంచుకోవడం ప్రజల హక్కు, బాధ్యత కూడా అని ఉంది. మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసు తీర్పులో ఇంకా వివరంగా చెప్పింది. చేయబోయే చికిత్స ఏమిటి, దాని వల్ల మేలేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారి ఉందా అన్నవి రోగికి తెలియజెప్పి, ఆ తరువాతే సమ్మతి తీసుకోవాలి అని.

తెలియజెప్పకపోతే ఏమవుతుందో క్షయ చరిత్రలోనే కనిపిస్తుంది. మందులకు లొంగని క్షయకు చాలా ఏళ్ళు కానమైసిన్ సూదులు వేసేవారు. ఆ మందు కొందరి వినికిడిని తినేస్తుంది. ముంబయి ప్రాంతానికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే ఇద్దరూ క్షయ నుంచి బయటపడ్డారు గాని వినికిడి పోగొట్టుకున్నారు. చెవిలో హోరు మొదలైతే ఆ రోజే చెప్పాలన్న చిన్న సంగతి ముందుగా తెలిసిన రోగికి, తెలియని రోగికి మధ్య ఉండే తేడా ఒక జీవితకాలపు తేడా.

ఈ ఇద్దరూ అక్కడితో ఆగలేదు. సూది అక్కర్లేని కొత్త మందు బెడాక్విలిన్ వచ్చింది. దాని మీద జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ పేటెంటు గడువు 2023 జూలైతో ముగియవలసి ఉంది. ఆ మందు లవణ రూపం మీద ఇంకొక పేటెంటు కోరుతూ కంపెనీ దరఖాస్తు పెట్టింది. 2019లో ఈ ఇద్దరూ దానికి అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో భారత పేటెంటు కార్యాలయం కంపెనీ దరఖాస్తును తోసిపుచ్చింది. ఇతర కంపెనీలు ఆ మందు చౌకగా తయారుచేసేందుకు దారి తెరుచుకుంది. కానమైసిన్ వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే ప్రకటించింది.

1956లో రోగిని చూడడానికి వచ్చినవారు మాత్రలు లెక్కపెట్టి వెళ్ళారు. 2019లో రోగులే వచ్చి మందు ధర సంగతి అడిగారు. అరవై మూడేళ్ళలో క్షయ రోగి నడిచిన దూరం ఇది.

ఈ చరిత్ర మన ఇళ్ళకు ఏం చెబుతోంది? రాష్ట్రం బయట ఉన్న తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో, చీటీ మీద ఇంగ్లీషు. మన పెద్దవాళ్ళలో చాలామంది ఊరి భాష చక్కగా మాట్లాడతారు కాని చదవలేరు. పిల్లలు ఊరి భాష చదవగలరు కాని ఇంటి తెలుగు అక్షరాలు వారికి రావు. డాక్టరుగారు చెప్పింది ఈ సందుల్లో ఎక్కడో జారిపోతుంది. అడిగితే ఏమనుకుంటారో అని తల ఊపి వచ్చేస్తాం.

బడిలో మేము పాఠం చెప్పిన తరువాత అర్థమైందా అని అడిగితే తరగతి అంతా అర్థమైందనే అంటుంది. ఒకరిని లేపి, నీ మాటల్లో చెప్పు అంటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆసుపత్రిలోనూ ఇది పనికివచ్చే పద్ధతే. లేచి రాబోయే ముందు, అయ్యా, నాకు అర్థమైంది ఇది, సరేనా అని మనమే తిరిగి చెప్పవచ్చు. మందు ఎన్ని నెలలు, మధ్యలో బాగున్నా ఎందుకు ఆపకూడదు, ఏ ఇబ్బంది కనిపిస్తే వెంటనే రావాలి, ఈ మూడూ అడిగి తెలుసుకోవాలి. భాష చాలకపోతే చదువుకునే పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకువెళ్ళి, చెప్పినదంతా కాగితం మీద రాయించుకోవాలి. మంచి డాక్టరు దీనికి కోపగించుకోరు. తుముకూరు పల్లెల్లో రోగులను అడిగి తెలుసుకున్న ఆ ఇద్దరు పరిశోధకులు కోరుకున్నదీ ఇదే.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. వెళ్ళినచోట దగ్గు మందు సీసా మాత్రమే చేతిలో పెడితే, తెమడ పరీక్ష ఎప్పుడు చేస్తారండీ అని మీరే అడగండి.