గుహలోంచి బ్రౌజర్‌లోకి

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మమత్ కేవ్ అనే గుహ ఉంది. ప్రపంచంలోకెల్లా పొడవైన గుహల సముదాయం అది. 1970లలో దాని సొరంగాల్లో తిరిగి పటాలు గీసినవాళ్లలో విల్ క్రౌథర్ ఒకరు. వృత్తిరీత్యా ప్రోగ్రామరు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌ను కట్టిన బృందంలో పనిచేశారు. భార్యతో విడిపోయాక, 1975-76 ప్రాంతంలో, కూతుళ్లు ఆడుకుంటారని ఆ గుహనే కంప్యూటర్‌లోకి దించారు. బొమ్మ ఒక్కటీ లేదు, ఉన్నదంతా అక్షరాలే. ఎటు పోవాలో టైపు చేస్తే, అక్కడ ఏముందో కంప్యూటర్ చెబుతుంది. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దానికి మరిన్ని మాయలూ నిధులూ జోడించి పెంచారు. ఆ గుహ నెట్‌వర్క్ వెంట యూనివర్సిటీ నుంచి యూనివర్సిటీకి పాకింది. తెలియని చోట తిరగడమే ఆటగా మారింది అక్కడే.

1993లో వచ్చిన మిస్ట్ అనే ఆట ఆ అక్షరాలను తీసేసి దృశ్యాలు పెట్టింది. రాండ్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో దృశ్యాన్ని ఒక్కో కార్డుగా పేర్చారు. మనుషుల్లేని దీవి, గాలి, అలలు, ఏం చేయాలో ఎవరూ చెప్పని యంత్రాలు. తర్వాత వచ్చిన నిశ్శబ్దపు ఆటలన్నీ దానికి ఎంతో కొంత బాకీ పడ్డాయి. అయితే అప్పట్లో మిస్ట్‌కు సీడీ కావాలి, డ్రైవు కావాలి, వాటికి డబ్బు కావాలి.

ఆ అడ్డు తొలగించింది బ్రౌజర్‌లో నడిచే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ పేరుతో పుట్టి, మాక్రోమీడియా చేతికి వచ్చి, 2005లో అడోబీ సొంతమైంది. బొమ్మల్ని చుక్కలుగా కాక గీతల లెక్కలుగా దాచుకోవడంతో ఫైలు చిన్నదయ్యేది, ఫోన్ లైను మీద కూడా దిగేది. మన ఊళ్ల నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కూర్చునే రోజుల్లో దీని విలువ చాలా పెద్దది. ఆ సిస్టమ్‌లలో ఏదీ ఇన్‌స్టాల్ చేయనిచ్చేవారు కాదు. బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే మాత్రం ఆట వచ్చేసేది. క్రౌథర్ గుహలో అడుగు వేయాలంటే ఇంగ్లిష్ రావాలి. ఈ కొత్త ఆటల్లో చాలావాటికి అదీ అక్కర్లేదు.

దీనికి సామొరోస్ట్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2003లో ప్రాగ్‌లో యాకుబ్ ద్వోర్స్కీ అనే విద్యార్థి కళాశాల ప్రాజెక్టుగా చేశాడు. మొద్దులు, నాచు, వేర్ల ఫొటోలతో అతికించిన ఒక చిన్న గ్రహం. దాని మీద తెల్ల దుస్తుల్లో, కుచ్చుటోపీతో ఓ మరుగుజ్జు. ఎదురుగా వస్తున్న మరో గ్రహం తన ఇంటిని ఢీకొనకుండా ఆపాలి. అతను ఒక్క మాటా మాట్లాడడు. ఎక్కడ క్లిక్ చేస్తే ఏం కదులుతుందో చూసుకుంటూ పోవడమే.

మరుసటి ఏడాది జపాన్ నుంచి తొషిమిత్సు తకాగి చేసిన క్రిమ్సన్ రూమ్ వచ్చి, గదిలోంచి తప్పించుకునే ఆటల వెల్లువ తెచ్చింది. వాటిలో చాలావరకు తలుపు తెరుచుకోగానే మర్చిపోయేవే. 2005లో పోలండ్ చిత్రకారుడు మతేయుష్ స్కుత్నిక్ మొదలుపెట్టిన సబ్‌మెషీన్ వాటిలో కలిసేది కాదు. మొదటి భాగం ఒక నేలమాళిగ. అందులోంచి ఎలాగో బయటపడతాం. రెండో భాగం తెరవగానే తెలుస్తుంది, ఇంతసేపూ మనం ఆడింది ఆటలోని మరో ఆట అని. 2015 వరకు సాగిన పది భాగాల్లో ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్లడమే కథ.

ఈ బాటలో నా మనసుకు బాగా దగ్గరైనది 2009లో డేవిడ్ షూట్ చేసిన స్మాల్ వరల్డ్స్. అన్వేషణ అనే అంశం మీద జరిగిన పోటీ కోసం చేశారు. మొదట తెర మీద పెద్ద పెద్ద రంగు గడులు తప్ప ఏమీ పోల్చుకోలేం. వాటి మధ్య కొద్ది పిక్సెల్‌ల మనిషి. బాణం మీటలతో నడిపిస్తూ, దూకిస్తూ పోతుంటే చీకటి విడుతుంది, చూపు మెల్లగా వెనక్కి జరుగుతుంది. గడులు చిన్నవై గోడలవుతాయి, గోడలు గదులవుతాయి, చివరకు అదంతా అంతరిక్షంలో పాడుబడిన కట్టడమని తెలుస్తుంది. అక్కడి నుంచి వేరే లోకాలకు దారులు. ఒకచోట మంచు కమ్మిన నేల. శత్రువు లేడు, స్కోరు లేదు. ఎంత తిరిగితే అంత చిత్రం, అదే బహుమానం. చిత్రం పూర్తయ్యేసరికి అక్కడ ఏం నాశనమైందో ఎవరూ చెప్పకుండానే అర్థమై గుండె బరువెక్కుతుంది. పది పదిహేను నిమిషాల ఆటలో ఇంత దుఃఖం పట్టించడం గొప్ప పనితనం.

కానీ ఇవన్నీ ఒకే ఒక ప్లగిన్ మీద నిలబడ్డాయి. ఐఫోన్ ఫ్లాష్‌ను రానివ్వలేదు. బ్యాటరీ, భద్రత, వేలితో తాకే తెర వంటి కారణాలు చూపుతూ 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖే రాశారు. 2020 డిసెంబర్ 31తో అడోబీ చేతులు దులుపుకుంది. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ ఏ ఆటనూ తెరవలేదు. ఒక తరం కళంతా ఒక తేదీతో మూతపడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఏ లైబ్రరీ అయినా ఇలా మూతపడితే ఊరుకుంటామా?

ఊరుకోనివాళ్లున్నారు. 2018లో మొదలైన ఫ్లాష్‌పాయింట్ బృందం లక్షకు పైగా ఆటలను పోగేసి భద్రపరిచింది. రఫుల్ అనే ఎమ్యులేటర్ పాత ఫైళ్లను ప్లగిన్ లేకుండానే బ్రౌజర్‌లో నడిపిస్తోంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్‌లోనే దాని సాయంతో ఈ పాత ఫైళ్లకు తలుపులు తెరిచింది. స్కుత్నిక్ తన సబ్‌మెషీన్ భాగాలన్నిటినీ కలిపి 2023లో కొత్తగా విడుదల చేశారు.

కొత్తవీ ఆగలేదు. 2013లో వచ్చిన ఎ డార్క్ రూమ్ మళ్లీ అక్షరాలకే వెళ్లింది: చల్లారిన నిప్పు, దాన్ని రాజేయడానికి ఒక బటన్, కొంతసేపయ్యాక తలుపు బయట ఓ ప్రపంచం. ఆడమ్ లె డూ చేసిన బిట్సీ సాయంతో ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఎనిమిదికి ఎనిమిది గడుల బొమ్మలతో, మూడు రంగులతో తమ వీధినో అమ్మమ్మ ఇంటినో ఆటగా కట్టేస్తున్నారు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది సామొరోస్టే. 2021లో ఫ్లాష్ అవసరం లేకుండా మళ్లీ వచ్చింది, ఉచితం కూడా. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, చిక్కుముడి దగ్గర ఆగినా జవాబు వెతక్కండి.