లేబుల్ మీద లేని పేర్లు

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే అడిగిండ్రు: "అన్నా, పొద్దంతా సైటు మీద ఉండే మనిషివి, నీకు ఈ జాజ్ పిచ్చి ఎక్కడ అంటుకుంది?" అని. ఎపిసోడ్‌లో టైం సరిపోక సగమే చెప్పిన. మిగతాది ఇక్కడ రాస్తున్న. ఇందులో వాయించినవాళ్ల ముచ్చట తక్కువ, విన్నవాళ్ల ముచ్చట ఎక్కువ. ఎందుకంటే జాజ్ చరిత్రను కాపాడిన పనిలో పెద్ద భాగం వినేవాళ్లదే.

ముందు నా సంగతి. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, జగిత్యాల దగ్గరి మా ఊరు విడిచి అబుదాబి వచ్చిన. ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. కొన్నేండ్ల కింద ఒక సైటులో మా స్టోర్ కీపర్ గోవా ఆయన, అరవైకి దగ్గర పడ్డ మనిషి. స్టోరు కంటైనర్‌లో చిన్న స్పీకర్ పెట్టుకొని పాత పాటలు వినేవాడు. ఒకరోజు బైండింగ్ వైరు కోసం పోతే లోపల క్లారినెట్ వినిపించింది. తలుపు దగ్గరనే ఆగిపోయిన. మా నాయిన పెండ్లి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఆ గొంతు ఎక్కడున్నా గుర్తుపడతా.

"ఇది ఏ సినిమా?" అని అడిగిన. ఆయన నవ్వి, "సినిమా కాదు. 1923లో అమెరికాలో వాయించింది. క్లారినెట్ జానీ డాడ్స్" అన్నాడు.

నాకు పాట కన్నా ఆ పేరు ఆశ్చర్యం అనిపించింది. అంత పాత రికార్డులో వెనక నిలబడి క్లారినెట్ ఊదినాయన పేరు, అబుదాబి కంటైనర్‌లో కూర్చున్న స్టోర్ కీపర్‌కు ఎట్ల తెలుసు? ఆ ప్రశ్న వెంటపడి పోతేనే నాకు ఈ పిచ్చి అంటుకుంది.

మూడు నిమిషాల ప్లేటు

జాజ్ పేరుతో మొదటి రికార్డు 1917లో న్యూయార్క్‌లో తయారైంది. వాయించింది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే తెల్లవాళ్ల బృందం. ఆ సంగీతాన్ని పుట్టించిన న్యూ ఓర్లీన్స్ నల్లవాళ్ల పెద్ద బ్యాండ్లు రికార్డుల్లోకి రావడానికి ఇంకా కొన్నేండ్లు పట్టింది. 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ తన క్రియోల్ జాజ్ బ్యాండును తీసుకొని ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ ఊరికి పోయి జెనెట్ కంపెనీ కోసం వాయించాడు. అప్పటికి అక్కడ మైకు లేదు. పెద్ద గరాటు ముందు నిలబడి వాయిస్తే, ఆ శబ్దం ఊపుకే సూది కదిలి మైనం మీద గీత గీసేది. పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు. అంతే.

ఆ గరాటు ముందు రెండో కార్నెట్ వాయించిన ఇరవై ఒక్క ఏండ్ల పిలగాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. పియానో లిల్ హార్డిన్. ట్రాంబోన్ ఆనొరే డ్యూట్రే. క్లారినెట్ జానీ డాడ్స్, డ్రమ్స్ ఆయన తమ్ముడు బేబీ డాడ్స్. కానీ ప్లేటు కొన్న మనిషికి వాయించినవాళ్ల కింద కనిపించేది కింగ్ ఆలివర్ బ్యాండు పేరు ఒక్కటే.

వేరే సంగీతమైతే ఇది అంత పెద్ద లోటు కాదేమో. జాజ్‌లో మాత్రం పెద్దదే. పాట ఒకటే ఉంటుంది, ఒక్కో మనిషి దాన్ని అప్పటికప్పుడు తన బుద్ధికి తోచినట్టు తిప్పుకుంటూ పోతాడు. రేపు మళ్లీ అట్లనే వాయించడు. కాబట్టి ఏ పాట అన్నదానికన్నా, ఆ రోజు ఎవరు వాయించిండ్రు అన్నదే అసలు సంగతి. లేబుల్ మీద ఆ పేర్లు లేవంటే, బిల్డింగ్ మీద ఓనరు బోర్డు ఉండి, షట్టరింగ్ కొట్టినవాళ్ల హాజరు మాత్రం చిరిగిపోయినట్టు.

హాజరు తీసినవాళ్లు

ఆ హాజరు మళ్లీ రాయడం మొదలుపెట్టింది అభిమానులు. 1932లో పారిస్‌లో కొందరు విద్యార్థులు, కుర్రాళ్లు కలిసి హాట్ క్లబ్ ద ఫ్రాన్స్ పెట్టుకున్నారు. అందులో చేరిన షార్ల్ దలోనే పెద్ద చిత్రకారుల కొడుకు. తల్లి సోనియా, తండ్రి రొబేర్, ఇద్దరికీ ప్రపంచంలో పేరుంది. ఈ కొడుకు మాత్రం రికార్డుల పేర్లు రాసుకుంటూ కూర్చున్నాడు. 1936లో అదే పుస్తకంగా అచ్చువేశాడు, 'హాట్ డిస్కోగ్రఫీ' అని. ఏ రికార్డు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు ఏమి వాయించారు. కథ లేదు, వర్ణన లేదు. మొత్తం పట్టీ.

దీన్ని ఎట్ల చేసేవాళ్లో తెలిశాక నాకు వాళ్ల మీద గౌరవం ఇంకా పెరిగింది. రికార్డులో గీతలు అయిపోయాక, లేబుల్ అంచున చిన్న నంబరు చెక్కి ఉంటుంది. మ్యాట్రిక్స్ నంబరు అంటరు. మా దగ్గరికి వచ్చే స్టీలు కట్టకు ట్యాగు మీద హీట్ నంబరు ఉన్నట్టే. వరుసగా ఉన్న నంబర్లు చాలాసార్లు ఒకే రోజు పనివి. అట్ల నంబర్లు పేర్చుకుంటూ తేదీకి దగ్గరగా వస్తారు. తర్వాత వాయించినవాళ్లు ఊరికి వస్తే పట్టుకొని అడుగుతారు. ఎవరూ దొరకకపోతే చెవులే దిక్కు. ఈ ట్రంపెట్ ఊపిరి తీసుకునే తీరు ఫలానా ఆయనది అని వాదించుకుంటారు.

యుద్ధంలో జర్మన్లు పారిస్‌ను పట్టుకున్నాక హాట్ క్లబ్ మాటున జర్మన్లకు వ్యతిరేకంగా రహస్య పని కూడా నడిచింది. 1943లో గెస్టాపో దలోనేని పట్టుకుపోయి విచారించి వదిలేసింది. క్లబ్బు మనుషుల్లో నాజీ క్యాంపుల నుంచి తిరిగి రానివాళ్లూ ఉన్నారు.

అటు న్యూయార్క్‌లో 42వ వీధిలో మిల్ట్ గేబ్లర్‌కు కామడోర్ అనే రికార్డుల దుకాణం ఉండేది. కంపెనీలు పక్కన పడేసిన పాత జాజ్ రికార్డులను 1930ల నడుమ నుంచి ఆయన మళ్లీ అచ్చు వేయించాడు. వేయించేటప్పుడు లేబుల్ మీద వాయించిన అందరి పేర్లు, ఎవరిది ఏ వాయిద్యమో సహా రాయించాడు. ఈరోజు ఆల్బమ్ వెనక డ్రమ్మర్ పేరు కూడా చూస్తున్నామంటే, ఆ అలవాటు నేర్పినవాళ్లలో ఈ దుకాణందారు ముందుంటాడు.

తప్పు హాజరు

అభిమానులు అన్నీ సరిగ్గా చేశారని కాదు. ప్రేమ ఎక్కువైతే లెక్క తప్పుతుంది.

1939లో 'జాజ్‌మెన్' అని ఒక పుస్తకం వచ్చింది. దానికోసం పాతవాళ్లను వెతుకుతుంటే న్యూ ఓర్లీన్స్ ట్రంపెట్ మనిషి బంక్ జాన్సన్ పేరు చెవిన పడింది. లూయిజియానాలో న్యూ ఐబీరియా అనే చిన్న ఊళ్లో కూలిపని చేసుకుంటూ దొరికాడు. ట్రంపెట్ లేదు, ముందు పళ్లు లేవు. పళ్లు లేనిదే ట్రంపెట్ ఊదలేరు. అభిమానులు డబ్బులు పోగేశారు. పళ్ల సెట్టు చేసి పెట్టింది లెనర్డ్ బెషే, ఇంకో పెద్ద జాజ్ మనిషి సిడ్నీ బెషేకు అన్న. 1942లో బంక్ మళ్లీ రికార్డు చేశాడు. చచ్చిందనుకున్న పాత న్యూ ఓర్లీన్స్ పద్ధతికి మళ్లీ జనం వచ్చారు.

ఇక్కడిదాకా వింటే కండ్లల్ల నీళ్లు వస్తయి. కానీ బంక్ తను 1879లో పుట్టినట్టు, జాజ్‌కు మూలపురుషుడనే బడీ బోల్డెన్‌తో వాయించినట్టు చెప్పాడు. వీళ్లు అట్లనే రాసుకున్నారు. తర్వాత కాగితాలు వెతికిన పరిశోధకులు ఆయన పదేండ్లు పెంచి చెప్పి ఉంటాడని తేల్చారు. దాంతో బోల్డెన్ ముచ్చట్లలో ఎన్ని నిజమో అనుమానంలో పడ్డాయి. ఆయన్ని తప్పుపట్టను. ఆకలి మీదున్న ముసలాయన, ఎదుటివాళ్లు ఏది వినాలని వచ్చిండ్రో అది చెప్పిండు. సరిచూడకుండా సంతకం పెట్టినవాళ్లదే తప్పు. సూపర్‌వైజర్‌గా ఈ మాట నాకు బాగా తగిలింది.

రెండు మిషన్లు

ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. 1940 నవంబర్ 7న నార్త్ డకోటాలోని ఫార్గోలో డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండు డ్యాన్సు హాలులో వాయిస్తోంది. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు అనుమతి అడిగి, ప్లేట్ల మీద గీత గీసే మిషన్ మోసుకొచ్చి స్టేజీ దగ్గర పెట్టుకున్నారు. ఒక్కో ప్లేటు నిండగానే మార్చుకుంటూ ఆ రాత్రంతా బ్యాండు మొత్తాన్ని పట్టారు. ఆ బ్యాండులో బాస్ వాయించిన జిమ్మీ బ్లాంటన్ ఇంకో రెండేండ్లలో, 23 ఏండ్లకే క్షయతో చనిపోయాడు. స్టూడియో మూడు నిమిషాల కొలత లేకుండా, హాలులో జనం మధ్య ఆయన బాస్ ఎట్ల పలికేదో ఈరోజు వినగలుగుతున్నామంటే అది ఆ ఇద్దరి పుణ్యం. 1978లో ఆ రికార్డింగులు బయటికొచ్చి, తర్వాత గ్రామీ కూడా తెచ్చుకున్నాయి.

రెండోది డీన్ బెనెడెట్టిది. తనూ శాక్సఫోన్ వాయించేవాడే. చార్లీ పార్కర్ అంటే ప్రాణం. 1947లో లాస్ ఏంజెలస్ క్లబ్బులో, 1948లో న్యూయార్క్‌లో పార్కర్‌ను రికార్డు చేశాడు. అయితే ప్లేటు ఖరీదు, టేపు ఖరీదు. అందుకని పార్కర్ వంతు రాగానే మిషన్ ఆన్, ఆయన వంతు అయిపోగానే ఆఫ్. బెనెడెట్టి 1957లో పోయాడు. ఆ పెట్టెలు దొరికి 1990లో మొసాయిక్ కంపెనీ సీడీలు వేస్తే ప్రపంచం సంబరపడింది. నేను కూడా విన్న. పార్కర్ నిప్పులా ఉంటాడు. కానీ ప్రతిసారి టక్కున తెగిపోతుంది. తర్వాత ట్రంపెట్ అందుకున్నాయన ఏం జవాబిచ్చిండో చాలాచోట్ల మనకు దొరకదు. ఒక్క మనిషి మీద ప్రేమ పక్కనున్నవాళ్ల హాజరు కొట్టేసింది. అట్లని ఆయన లేకపోతే అదీ ఉండేది కాదు. ఈ రెండూ నిజమే.

ఇట్లాంటివాళ్లు అన్ని దేశాల్లో ఉన్నారు. సోవియట్ రష్యాలో పడమటి పాటలు దొరకని రోజుల్లో, ఆసుపత్రి పారేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద జాజ్ గీసుకొని దొంగతనంగా అమ్మేవాళ్లు. పక్కటెముకల బొమ్మ మీద ట్రంపెట్ పాట! అందుకే వాటికి 'ఎముకలు' అనే పేరు.

మన వైపు

స్టోర్ కీపర్‌కు ఈ పేర్ల పట్టింపు ఎందుకో ఆఖర్న చెప్పాడు. ఆయన మేనమామ బొంబాయిలో ట్రంపెట్ వాయించేవాడట. 1930లలో తాజ్‌మహల్ హోటల్‌కు లియాన్ అబ్బీ, టెడ్డీ వెదర్‌ఫర్డ్ వంటి నల్ల అమెరికన్ వాయిద్యగాళ్లు వచ్చి జాజ్ వాయించారు. వెదర్‌ఫర్డ్ తర్వాత కలకత్తాలోనే ఉండి 1945లో అక్కడే కలరాతో పోయాడు. వాళ్ల దగ్గర విని, వాళ్ల పక్కన వాయించి ఆ విద్య పట్టింది గోవా వాళ్లు. చర్చి బళ్లలో స్వరలిపి నేర్చినవాళ్లు కాబట్టి హిందీ సినిమా ఆర్కెస్ట్రాలు వీళ్ల మీద నడిచాయి. చిక్ చాకొలేట్, ఆంథోనీ గొన్సాల్వెస్ లాంటి కొందరి పేర్లు బయటికి వచ్చాయి. మిగతావాళ్లవి టైటిల్స్‌లో పడలేదు. నరేష్ ఫెర్నాండెస్, గ్రెగరీ బూత్ వంటి రచయితలు ముసలివాళ్ల ఇండ్లకు పోయి కూర్చొని, ఎన్నో ఏండ్ల తర్వాత ఆ హాజరు రాశారు. మేనమామ పేరు ఆ పుస్తకాలలో కూడా లేదు. స్టోర్ కీపర్ తన నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాడు.

ఆ రాత్రి రూముకు వచ్చి నాయిన గురించి ఆలోచించిన. ఆయన పోయి తొమ్మిదేండ్లు. మా దగ్గర ఆయన వాయించింది ఏదన్నా ఉందా? ఒక్కటి ఉంది. 1994లో మా మేనమామ కొడుకు పెండ్లి క్యాసెట్. బరాత్‌లో పెట్రోమాక్స్ లైట్ల నడుమ నాయిన కనిపిస్తాడు. బుగ్గలు ఉబ్బి, కండ్లు మూసుకొని, నిమిషం కూడా ఉండదు. కానీ శబ్దం లేదు. అప్పట్ల వీడియో మిక్సింగ్ చేసేటోళ్లు అసలు చప్పుడు తీసేసి సినిమా పాట కలిపేవాళ్లు, మీకు గుర్తుండే ఉంటది. నాయిన వేళ్లు ఒక పాట వాయిస్తుంటయి, మనకు ఇంకో పాట వినిపిస్తది. వేళ్లను చూసి ఏ పాటో పట్టాలని ఎన్నిసార్లు చూసిన్నో. దొరకలే.

కాబట్టి పట్టీతో మొదలుపెట్టిన. అవ్వకు ఫోన్ చేసి బ్యాండులో ఎవరెవరు ఉండేవాళ్లో అడిగిన. ఐదు పేర్లు చెప్పింది. మా బాపు ఇంకో రెండు చెప్పిండు. అందులో ఒకటి అవ్వ కాదంటది, దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టిన. బంక్ జాన్సన్ నేర్పిన పాఠం. నాయిన పేరు ఒక్కటే రాసుకొని మూయలేదు. అది బెనెడెట్టి నేర్పింది.

ఇది చదివేవాళ్లలో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు వాళ్లు ఉంటే ఒక పని చేయండి. 1980, 90లలో ఇంట్లో పెండ్లి అయి ఉంటే, మిక్సింగ్ కాని అసలు క్యాసెట్ అల్మారాలో ఎక్కడన్నా పడి ఉందేమో చూడండి. టేప్ రికార్డర్‌లో పట్టిన బరాత్ చప్పుడు అయినా సరే. ఫంగస్ పట్టిందని పారేయకండి, బాగుచేసేవాళ్లు ఉన్నారు. మా బ్యాండుదే కావాలని లేదు. మీ ఊరి బ్యాండుదైనా, పేర్లు తెలిసినన్ని రాసి పంపండి.

నా పట్టీలో ఎనిమిదో వరుస ఇంకా ఖాళీ. సైడ్ డ్రమ్. మెట్‌పల్లి నుంచి వచ్చేవాడట, పొట్టిగా ఉండేవాడట, బాగా నవ్వించేవాడట. పేరు ఎవ్వరికీ గుర్తులేదు.