మాసాల పేర్లలోనే ఆకాశ పటం: మేడపై నుంచి ఏడాది పొడవునా నక్షత్ర వీక్షణం

విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో తన నివాస ప్రాంగణంలోనే వేధశాలను నెలకొల్పారు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాని బాధ్యతలు స్వీకరించారు. 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిన అరుదైన ఘట్టాన్ని ఆయన పరిశీలించారు. ఇంటి నుంచే ఆకాశాన్ని అధ్యయనం చేయవచ్చనడానికి ఇదొక నిదర్శనం. ఆరంభకులకు టెలిస్కోపు కూడా అవసరం లేదు. మేడ, కాస్త చీకటి, కొంత ఓపిక ఉంటే చాలు. మొదటి పాఠం మన పంచాంగంలోనే ఉంది.

నక్షత్రాలు ఋతువులతో ఎందుకు మారతాయి?

భూమి సూర్యుని చుట్టూ పరిభ్రమిస్తున్నందున ప్రతి నక్షత్రం రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. నెల గడిచేసరికి ఈ తేడా 2 గంటలవుతుంది. ఏడాదికి చక్రం పూర్తయి, అదే నక్షత్రం అదే వేళకు అదే చోట మళ్లీ కనిపిస్తుంది.

చాంద్రమాసాల పేర్లు ఈ చక్రాన్నే సూచిస్తాయి. పౌర్ణమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం వద్ద లేదా దాని సమీపంలో ఉంటాడో, ఆ నెలకు ఆ పేరు వచ్చింది. కృత్తికతో కార్తికం, మృగశిరతో మార్గశిరం, మఖతో మాఘం, చిత్తతో చైత్రం ఏర్పడ్డాయి. పౌర్ణమి చంద్రుడు సూర్యునికి ఎదురుగా ఉంటాడు కనుక, ఆ మాసంలో ఆ నక్షత్రం సాయంవేళ తూర్పున ఉదయించి దాదాపు రాత్రంతా దర్శనమిస్తుంది.

రైతులు పాటించే కార్తెలు దీనికి మరో పార్శ్వం. సూర్యుడు ఏ నక్షత్ర భాగంలో ఉంటే అది ఆ కార్తె. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె మొదలైనప్పుడు ఆ నక్షత్రాలు సూర్యకాంతిలో మరుగున పడి ఉంటాయి. ఆరు నెలల తర్వాత, మార్గశిరంలో అవే రాత్రంతా వెలుగుతాయి.

శీతాకాలం

జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రి 8 గంటల వేళ ఆకాశంలో బాగా ఎత్తున, ఒకే వరుసలో మూడు నక్షత్రాలు కనిపిస్తాయి. ఇవి ఒరాయన్ రాశి నడుము భాగం. వీటికి ఉత్తరాన ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. మూడింటి వరుసను ఆగ్నేయం వైపు పొడిగిస్తే రాత్రి ఆకాశంలో అత్యంత ప్రకాశవంతమైన సిరియస్ నక్షత్రం వస్తుంది. వ్యతిరేక దిశలో పొడిగిస్తే రోహిణి, ఆపైన పల్లెల్లో ‘పిల్లలకోడి’గా పిలిచే కృత్తికల గుంపు వస్తాయి. దక్షిణాన అగస్త్య నక్షత్రం వెలుగుతుంది. అంతకుముందు, డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో జెమినిడ్స్ ఉల్కాపాతం పతాక స్థాయికి చేరుతుంది.

వేసవి

ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తున ఉంటుంది. దాని తోక వంపును అలాగే కొనసాగిస్తే స్వాతి, ఆ తర్వాత చిత్త కనిపిస్తాయి. తోకలో మధ్యనున్నది వశిష్ఠ నక్షత్రం. దాని పక్కన సన్నగా మిణుకుమనేదే అరుంధతి. మే నెలలో రాత్రి 9 గంటల ప్రాంతంలో దక్షిణ దిగంతం దగ్గర సదరన్ క్రాస్ రాశిని తెలుగు రాష్ట్రాల నుంచి చూడవచ్చు. ఢిల్లీ నుంచి ఇది పూర్తిగా కనిపించదు.

ధ్రువ నక్షత్రం ఎత్తు కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అది ఉత్తర దిగంతం నుంచి దాదాపు ఆ ప్రదేశపు అక్షాంశమంత ఎత్తులో ఉంటుంది. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఆ లెక్కన హైదరాబాద్‌లో రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ, ఢిల్లీలో మూడు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో చూడాలి.

వర్షాకాలం, శరత్తు

జులై, ఆగస్టుల్లో మబ్బులు అడ్డుపడినా, వాన వెలిశాక ధూళి తగ్గిన ఆకాశం తేటగా ఉంటుంది. అప్పుడు దక్షిణాన వృశ్చిక రాశిలో ఎర్రని జ్యేష్ఠ, తోక భాగాన మూల దర్శనమిస్తాయి. చీకటి ప్రాంతాల్లో అక్కడి నుంచే పాలపుంత పైకి సాగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో నడినెత్తికి చేరువగా నాలుగు నక్షత్రాల పెద్ద చతురస్రాన్ని గుర్తించవచ్చు. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రలు ఇందులోవే. దాని ఈశాన్యంలో, చిక్కటి చీకటిలో మసక మచ్చలా కనిపించేది ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ కాంతి సుమారు 25 లక్షల ఏళ్ల క్రితం బయలుదేరింది.

కరుగుతున్న చీకటి

వివాహాల్లో నూతన దంపతులకు అరుంధతిని చూపించడం తెలుగువారి ఆచారం. మహానగరాల వెలుతురులో ఆ నక్షత్రాన్ని పట్టుకోవడం కష్టమవుతోంది. పేరు మిగిలి, చుక్క మరుగయ్యే పరిస్థితి ఇది. చీకటిని కాపాడేందుకు లద్దాఖ్‌లోని హాన్లేలో 2022లో డార్క్ స్కై రిజర్వును ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో డార్క్ స్కై పార్కు గుర్తింపు లభించింది.

ఇళ్ల వద్ద చేయగలిగింది కూడా ఉంది. ఆరుబయటి దీపాలకు వెలుగు కిందికే పడేలా మూత అమర్చడం, అవసరం తీరాక ఆర్పివేయడం మేలు. పరిశీలనకు అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులు అనుకూలం. కళ్లు చీకటికి అలవాటు పడేందుకు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఫోను తెర చూడకూడదు.

మీ ప్రాంతపు చీకటిని అంచనా వేయడానికి కృత్తికలను లెక్కించండి. చీకటి ఆకాశంలో సాధారణ దృష్టికి ఆరు చుక్కలు కనిపిస్తాయి. ఏటా కార్తికంలో ఆ సంఖ్యను రాసిపెట్టుకుంటే, మీ మేడపై ఆకాశం ఎంత మిగిలిందో తెలుస్తుంది.