బానెట్టు ఎత్తి చూసిన రోజులు

డిపార్టుమెంటు జీపులో క్యాంపులు తిరిగిన మిత్రులకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. తెల్లవారి ఆరు గంటలకు డ్రైవరుగారు బానెట్టు ఎత్తి, డిప్‌స్టిక్కు లాగి, పాతగుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీసి వెలుతురుకు పట్టి చూసేవారు. రేడియేటరులో చెంబుతో నీళ్ళు పోసేవారు. టైర్లను ఒక్కొక్కటిగా తట్టి చూసేవారు. ఇదంతా అయ్యాకనే మనకు "రండి సార్" అనే పిలుపు. ఆలస్యమవుతున్నదని విసుక్కున్నవారిలో నేనూ ఒకడిని.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఆనాటి బండ్లే అలా ఉండేవి. 1950ల చివరి నుంచి 2014 వరకు బెంగాల్లోని ఉత్తరపారలో తయారైన అంబాసిడరు, బొంబాయిలో తయారై 1970లలో పద్మిని అన్న పేరు పెట్టుకున్న ఫియట్, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ - మన దేశంలో కారు కొనదలచినవారికి చాలాకాలం దొరికినవి దాదాపు ఇవే. బుక్ చేశాక బండి చేతికి రావడానికి ఏళ్ళు పట్టేది. అంతకాలం ఎదురుచూసి తెచ్చుకున్న కారును ఎవరికో అప్పగించి ఊరుకోగలమా? ఆదివారం ఉదయం బనియనుతో బానెట్టు కింద తల దూర్చిన మధ్యతరగతి గృహస్థు ఆ రోజుల్లో ప్రతి పేటలోనూ కనిపించేవాడు.

ఆయనకు పని కూడా తక్కువేమీ కాదు. ప్లాటినం పాయింట్లు మసిబారితే గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచూడాలి. ఆ సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. కార్బురేటరులో చెత్త చేరితే ఊదాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు పోసి, టెర్మినల్స్‌కు వేసలిన్ రాయాలి. బ్యాటరీ మొరాయిస్తే ముందు నుంచి హ్యాండిల్ తిప్పాలి. అమెరికాలో 1912 నాటికే కాడిలాక్ కార్లకు కెట్టరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు వచ్చినా, మన అంబాసిడరు డిక్కీలో హ్యాండిల్ చాలాకాలం ఉండనే ఉంది. దానిని పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. చుట్టి పట్టుకుంటే ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. ఈ మాట పెద్దలు నోటితో చెప్పి నేర్పినదే.

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీగారు మొదటి మారుతి 800 తాళాలు అందించారు. 796 సి.సి., మూడు సిలిండర్ల చిన్న ఇంజను. హ్యాండిల్ లేదు, తెల్లవారి మొరాయింపూ లేదు. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిసి కార్బురేటర్లు పోయాయి, ఇంజెక్షనూ కంప్యూటరూ వచ్చాయి. తరువాత మూత విప్పనక్కరలేని బ్యాటరీలు, ట్యూబు లేని టైర్లు. యజమాని చేతికి పని తగ్గింది. దానితోపాటు కంటికి కూడా తగ్గిందని అనుకున్నాము. నా పొరపాటు అక్కడే.

నేను రిటైరయ్యాక 2012లో ఒక చిన్న కారు కొన్నాను. 2016లో అమ్మాయి దగ్గర అమెరికాలో అయిదు నెలలుండి వచ్చాక, కారు కింద నేల మీద మచ్చ చూసి మా ఇంటావిడ "ఇక్కడేదో కారుతున్నదండీ" అన్నది. "ఏ.సి. నీళ్ళులే" అన్నాను. ఏ.సి. నీళ్ళు నల్లగా ఉంటాయా అని ఆవిడ అడిగినా వినలేదు. వారం తరువాత హైవే మీద ఎర్ర దీపం వెలిగింది. ఊరు దగ్గరే కదా అని ఆపకుండా పోనిచ్చాను. ఇంజను పట్టేసింది. రిపేరుకు మూడు నెలల పెన్షను పోయింది. మనుషులకు ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం.

పాత జీపులో ఆయిల్ ప్రెషరు చూపే ముల్లు ఉండేది. అది నెమ్మదిగా పడిపోతూ ముందే హెచ్చరించేది. తరువాతి కార్లలో ఎక్కువవాటికి దీపమే మిగిలింది. అది చెప్పేది ఆయిల్ మట్టం కాదు, ప్రెషరు పోయిందని. అంటే అది వెలిగేసరికి సమయం మించిపోతూ ఉంటుంది, వెంటనే ఇంజను ఆపవలసిందే. మట్టం తెలియాలంటే ఇప్పటికీ డిప్‌స్టిక్కే: బండి సమతలంగా నిలిపి, ఇంజను ఆపిన పది నిమిషాల తరువాత తుడిచి చూస్తే, రెండు గీతల నడుమ ఉండాలి.

కూలెంటు రిజర్వు డబ్బాలో బయటినుంచే కనిపిస్తుంది. ఇంజను వేడిగా ఉండగా మాత్రం రేడియేటరు మూత ముట్టుకోరాదు. బ్రేకు ఆయిల్ గీత కంటే తగ్గితే, పోసి ఊరుకోక మెకానిక్కుకు చూపవలెను. ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి.

మన బోటివారి కార్లకు అసలు చిక్కు టైర్లతో. తిరిగేది తక్కువ కనుక గాడులు కొత్తవాటిలాగే కనబడతాయి, లోపల రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. గాలి ఎంత ఉండాలో చాలా కార్లకు డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కరెంటు కార్లలో డిప్‌స్టిక్కు లేకపోయినా ఈ టైర్ల బాధ్యత తప్పలేదు.

ఈ అంకెల సంగతి 2022లో తెలిసి మా కారంతా వెదికాను. అప్పటికి నాలుగు టైర్లూ మార్చినవే. డిక్కీలో స్టెప్నీ మీద మాత్రం 1412 అని ఉంది. పదేళ్ళుగా ఒక్కసారి కూడా రోడ్డు చూడలేదు, గాడులు నిగనిగలాడుతున్నాయి, పక్కల మాత్రం వెంట్రుకవాసి పగుళ్ళు. మర్నాడే మార్పించాను.