గజాల నుంచి యూనిట్ల దాకా: ఉప్పల్, నాచారం జీతగాళ్ల పెట్టుబడి ప్రయాణం

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఏ టీ కొట్టులో అడిగినా బోడుప్పల్‌లో గజం ఎంత, పీర్జాదిగూడలో ఎంత, నారపల్లి దాటితే ఎంత అన్నది తడుముకోకుండా చెబుతారు. అదే రోడ్డు మీదున్న ఆఫీసు భవనానికి చదరపు అడుగు నెల అద్దె ఎంతని అడిగితే మాత్రం బ్రోకర్లు తప్ప ఎవరూ నోరు విప్పరు. భూమి ధర పెరగడం మనకు తెలిసిన విద్య. భూమి మీద కట్టినదాని నుంచి ఏటా చేతికి వచ్చేదెంత అన్న లెక్క మనకు అంతగా అలవాటు లేదు. రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టు, అంటే రీట్, ఇక్కడి పెద్ద జీతాలవాళ్ల దృష్టికి ఇంత ఆలస్యంగా రావడానికి అసలు కారణం ఇదేనని నా ఉద్దేశం.

ఈ ప్రాంతానికి జీతగాళ్లు సంస్థల వెంట వచ్చారు. 1961లో ఎన్‌జీఆర్‌ఐ ఏర్పడింది. 1967లో ఈసీఐఎల్ కుషాయిగూడ వైపు వెలిసింది. తర్వాత సీసీఎంబీ వచ్చింది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షెడ్లు లేచాయి. ఎన్టీ రామారావు స్టూడియో కూడా నాచారంలోనే. సైంటిస్టు, ఇంజనీరు, బ్యాంకు ఆఫీసరు ఎవరైనా సరే చేసిన పని ఒకటే. చీటీ ఎత్తుకుని, పీఎఫ్ లోన్ పెట్టి, హబ్సిగూడలోనో నాచారంలోనో రెండు మూడు వందల గజాలు కొని పెట్టుకోవడం. అప్పట్లో అది తెలివైన పనే. నగర భూపరిమితి చట్టం 1976లో వచ్చింది. హైదరాబాదులో ఒకరి పేరిట వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ జాగా ఉండకూడదన్నది. దాంతో చిన్న ప్లాటుకు మరింత గిరాకీ పెరిగింది. ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని వదిలించుకునేసరికి 2008 వచ్చింది. అప్పటికి రెండు తరాల ఉద్యోగుల బుర్రల్లో పెట్టుబడి అంటే ప్లాటే అన్నది నాటుకుపోయింది.

రీట్ పుట్టింది అమెరికాలో. 1960 సెప్టెంబరులో ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో పెద్ద వాణిజ్య భవనాల్లో మామూలు మదుపరికీ వాటా దక్కే దారి ఏర్పడింది. ట్రస్టు తన ఆదాయంలో ఎక్కువ భాగాన్ని పంచిపెడితే ఆ పంచిన మేరకు ట్రస్టు మీద పన్ను ఉండదు, అందుకున్నవాడే కట్టుకుంటాడు అన్నది దాని కీలకం. మన దగ్గర మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2007 డిసెంబరులోనే ముసాయిదా విడుదల చేసింది. మరుసటి ఏడాదే ప్రపంచ మార్కెట్లు కుప్పకూలాయి, ముసాయిదా అటకెక్కింది. 2014 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ పన్ను సంగతి తేల్చాక, అదే ఏడు సెప్టెంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. అయినా ఒక్క ట్రస్టూ ముందుకు రాలేదు, ఎందుకంటే భవనాలు చేతిలో ఉన్న కంపెనీ నుంచి ట్రస్టుకు డబ్బు వచ్చేటప్పుడు డివిడెండ్ పంపిణీ పన్ను మధ్యలో కోత పెట్టేది. 2016లో ఆ ముడి విప్పారు.

ఈలోగా హైదరాబాదు ఆఫీసుల పటం మారిపోయింది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న నాటి నుంచి అద్దెలు పడమర బాట పట్టాయి. మాదాపూర్ మైండ్‌స్పేస్‌ను కట్టిన రహేజా కంపెనీల్లో ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీకి, రాష్ట్రం విడిపోయాక టీఎస్‌ఐఐసీకి, 11 శాతం వాటా ఉండేది. అద్దె రాబడిలో వాటాదారుగా ఉండే సంగతి ప్రభుత్వానికి మనకంటే ముందే తెలుసన్నమాట! తూర్పున ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్, ఎన్‌ఎస్‌ఎల్ ఎరీనా, వరంగల్ రోడ్డు మీద పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ వచ్చాయి గానీ, మాదాపూర్ ఊపు ఇటు రాలేదు.

దేశంలో తొలి రీట్ ఎంబసీ ఆఫీస్ పార్క్స్. 2019 ఏప్రిల్ 1న లిస్టయింది. యూనిట్, అంటే ఒక్కో వాటా, ధర 300 రూపాయలు. అయితే దరఖాస్తుకు కనీసం 800 యూనిట్లు, అంటే 2.40 లక్షలు పెట్టాలి. 2020 ఆగస్టులో మైండ్‌స్పేస్ రీట్ 275 రూపాయల ధరకు వచ్చింది. హైదరాబాదు అద్దెలు స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది దీంతోనే. మాదాపూర్‌తో పాటు పోచారంలోని మైండ్‌స్పేస్ పార్కు కూడా నాటి ఆస్తుల జాబితాలో ఉంది. ఉప్పల్ నుంచి అరగంట దూరంలోని భవనం అది. మన తూర్పు వైపు ఆస్తి ఒకటి రీట్‌లో చేరడం అదే మొదలు. 2021లో సెబీ కనీస దరఖాస్తును 10-15 వేల రూపాయల స్థాయికి తగ్గించి, ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చంది. కూకట్‌పల్లి నెక్సస్ మాల్ 2023లో వచ్చిన నెక్సస్ సెలెక్ట్‌లో భాగం. రాయదుర్గం సత్వ నాలెడ్జ్ సిటీ 2025 ఆగస్టులో లిస్టయిన నాలెడ్జ్ రియల్టీ ట్రస్టులో ఉంది. దాంతో దేశంలో లిస్టెడ్ రీట్లు ఐదయ్యాయి.

ఇక అంకెల్లోకి దిగుదాం. ఎంబసీలో 2019లో పది లక్షలు పెట్టినవాడికి 3,333 యూనిట్లు వచ్చాయనుకోండి. 2022-23లో ట్రస్టు పంచింది యూనిట్‌కు 21 రూపాయల 71 పైసలు, అంటే సుమారు 72 వేలు, అసలు మీద 7 శాతానికి పైనే. ఇందులో సగం వడ్డీ రూపంలో, మిగతా సగం పన్ను పడని రూపంలో వచ్చిందని లెక్క కోసం అనుకుందాం. 30 శాతం స్లాబులోని ఉద్యోగికి సెస్‌తో కలిపి ఆ సగం మీద 11 వేలకు పైగా పన్ను పడుతుంది. చేతిలో మిగిలేది దాదాపు 61 వేలు. ఏడాది ఆదాయం 50 లక్షలు దాటినవాళ్లకు సర్‌చార్జీ తోడై ఇంకాస్త తగ్గుతుంది. ఇప్పుడు నాచారంలో 80 లక్షల ఫ్లాటు నెలకు 20 వేల అద్దెకు ఇచ్చామనుకోండి. ఏడాదికి 2.40 లక్షలు, అంటే 3 శాతం. 30 శాతం మినహాయింపు పోను మిగతాదానికి పన్ను కట్టాక 2.3 శాతం అటూఇటూగా మిగులుతుంది. మెయింటెనెన్స్, రంగులు, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే రెండు నెలల విరామం, ఇవేవీ ఇందులో లేవు.

రీట్‌దే గెలుపు అని ఇంతలోనే చెప్పేస్తే తొందరపాటే. ఎంబసీ యూనిట్ ధర నాలుగేళ్ల తర్వాత 2023లోనూ 300 చుట్టూనే తిరిగింది. కోవిడ్, ఇంటి నుంచి పని, వడ్డీ రేట్ల పెరుగుదల అన్నీ మీద పడ్డాయి. అదే కాలంలో ఇక్కడ గజం ఏమైందో చూడండి. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్‌లో రైతుల దగ్గర తీసుకున్న భూముల్లో హెచ్‌ఎండీఏ లేఅవుట్ వేసి 2019లో ప్లాట్లు వేలానికి పెట్టింది. 2017 నవంబరులో నాగోల్ వరకు మెట్రో వచ్చి ఉంది, స్టేషన్లు దగ్గరే. 2021 డిసెంబరు వేలంలో కొన్ని ప్లాట్లకు గజం లక్ష రూపాయలు దాటింది. ఇంత పెరుగుదలను ఏ రీటూ ఇవ్వలేదు, ఇస్తానని చెప్పనూ లేదు. ఆస్తుల్లో 80 శాతం అద్దె వచ్చే పూర్తయిన భవనాలే ఉండాలి, పంచడానికి వీలున్న నగదులో 90 శాతం పంచాలి అన్నవి నియమాలు. అలాంటి ట్రస్టు అద్దె తెస్తుంది, లాటరీ తేదు. ప్లాటు స్థానంలో దీన్ని నిలబెట్టేవాళ్లు నిరాశపడతారు. అద్దె కోసం రెండో ఫ్లాటు కొనబోతున్నవాళ్లు దీన్ని చూడకపోతే పొరపాటు.

పన్ను చట్టం కూడా స్థిరంగా లేదు. తన భవన కంపెనీలకిచ్చిన రుణాన్ని తిరిగి రాబట్టి ట్రస్టు పంచే సొమ్ముపై మొదట పన్ను లేదు. 2023 బడ్జెట్ దాన్ని పట్టుకుంది. అభ్యంతరాల తర్వాత, అలా అందిన మొత్తం యూనిట్ ఇష్యూ ధరను దాటితేనే పన్ను, అప్పటిదాకా కొనుగోలు ఖర్చులోంచి తీసివేత అని మార్చారు. 2024 బడ్జెట్ దీర్ఘకాలిక లాభానికి కావలసిన గడువును 36 నుంచి 12 నెలలకు తగ్గించి, 12.5 శాతం రేటు పెట్టింది.

మరి ఉప్పల్, నాచారం భవనాలు ఎప్పుడు యూనిట్లవుతాయి? 2020లో తెలంగాణ ప్రభుత్వం గ్రిడ్ విధానంతో ఈ పారిశ్రామికవాడలను ఐటీ పార్కులుగా మార్చుకోవడానికి తలుపు తెరిచింది. 2025 నవంబరులో హిల్ట్ విధానం వచ్చి, పాత పారిశ్రామిక భూములను బహుళ అవసరాలకు వాడుకోనిస్తామంది. ఆ భూముల విలువ మీద పెద్ద వివాదమే రేగింది. లిస్టెడ్ రీట్‌కు కనీసం 500 కోట్ల ఆస్తి ఉండాలి. ఇక్కడి సగటు షెడ్డు స్థలానికి అది ఎత్తు మెట్టు. 2024 మార్చిలో సెబీ తెచ్చిన స్మాల్ అండ్ మీడియం రీట్లు 50 నుంచి 500 కోట్ల ఆస్తికి సరిపోతాయి కాబట్టి దారి అటువైపు ఉంది. అయితే వాటిలో కనీస పెట్టుబడి పది లక్షలు. పైగా తరచూ ఒకే భవనం, ఒకరిద్దరు అద్దెదారులు ఉంటారు. పెద్ద అద్దెదారు ఒకడు వెళ్లిపోతే ఏడాది పంపిణీ మొత్తం కుదేలవుతుంది. అలాంటి ప్రకటన చూసి పది లక్షలు పెట్టబోయే డాక్టరుగారికి, సాఫ్ట్‌వేర్ మేనేజరుకు నేను చెప్పేది ఒకటే. అద్దె ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుందో చూడండి, పంపిణీలో వడ్డీ, డివిడెండ్, రుణ వాపసు విడివిడిగా ఎంతెంతో అడగండి. మీ చార్టర్డ్ అకౌంటెంట్ ముందు ఆ మూడు అంకెలు పెట్టి పన్ను పోను ఎంత మిగులుతుందో తేల్చుకున్నాకే చెక్కు రాయండి.